మిర్యాలగూడ వాటా ఎందుకు తగ్గింది

2009 జూన్‌లో నన్ను సూర్యాపేటకు సిస్టమ్స్ మేనేజరుగా వేశారు. హోదా వినడానికి ఘనంగానే ఉంటుంది. నా కింద ఉన్నది మాత్రం ఒక కిరాయి హాలు, అందులో కొన్ని సర్వర్లు, ఒక జనరేటరు, దానికి డీజిల్ పోసే వాచ్‌మన్. మా సంస్థ పేరు ఇక్కడ అనవసరం. ప్రభుత్వ శాఖల తరఫున జనం దగ్గర దరఖాస్తులు తీసుకునే కాంట్రాక్టు మాది. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, పింఛను, పరీక్ష ఫీజు, ఇలాంటివన్నీ. నా పరిధిలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కేంద్రాలు ఉండేవి. అప్పటికి మూడూ నల్లగొండ జిల్లావే. దరఖాస్తు ఏ ఊళ్లో ఇచ్చినా అది మేము అద్దెకు తీసుకున్న టెలిఫోన్ లీజు లైను మీద ప్రయాణం చేసి సూర్యాపేట హాల్లో ఉన్న ఒకే డేటాబేసులో చేరేది.

పని తీరు గురించి రెండు ముక్కలు చెప్పకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. డేటాబేసుతో ఒకేసారి ఇంతమందే మాట్లాడగలరని ఒక హద్దు ఉంటుంది. ఆ మాట్లాడే దారిని మేము కనెక్షన్ అంటాం. మొదట్లో ఉన్న కనెక్షన్లను మూడు కేంద్రాలకూ సమంగా పంచేవాళ్లం. అన్నదమ్ములకు పొలం పంచినట్టు న్యాయంగానే ఉండేది కానీ, సూర్యాపేటలో జనం లేక కనెక్షన్లు ఊరికే పడి ఉన్నప్పుడు కోదాడలో జనం మెడలు చాచి చూస్తుండేవాళ్లు. అందుకని ఆ వేసవిలో హైదరాబాద్ ప్రధాన కార్యాలయం ఒక కొత్త ప్రోగ్రాం పెట్టింది. ఎవరికి ఎంత పని ఉందో అది క్షణక్షణం గమనిస్తూ, పని లేని చోట నుంచి కనెక్షన్లు తీసి పని ఉన్న చోటికి మళ్లిస్తుంది. దాని అసలు పేరు రిసోర్స్ మేనేజర్. మా సిబ్బంది దానికి లష్కర్ అని పేరు పెట్టారు. సాగర్ ఎడమ కాలువ మీద తూములు ఎత్తి దించే ఉద్యోగిని ఇక్కడ లష్కర్ అంటారు. ఏ ఊరివాళ్లను అడిగినా లష్కర్ పక్క ఊరికే ఎక్కువ నీళ్లు వదిలాడంటారు. మా ప్రోగ్రాంకు ఆ పేరు ఎందుకు పెట్టారో నాకు నెల తిరక్కుండానే తెలిసింది.

నా సంగతి కూడా ఒకటి చెప్పేస్తాను. నాకు అనుమానం ఎక్కువ. మా వృత్తిలో అది అర్హత కిందే లెక్క. ఇంట్లో మాత్రం దానికి వేరే పేర్లున్నాయి. కూరగాయలామె కొసరుగా రెండు వంకాయలు ఎక్కువ వేస్తే, ఎందుకు వేసిందా అని వాటిని కోసి చూసే మనిషినని మా ఆవిడ చుట్టాలందరికీ చెబుతుంది. చెప్పనీ. ఒకసారి నిజంగానే పుచ్చులున్నాయి.

జూలై మొదట్లో హైదరాబాద్ నుంచి మా డిప్యూటీ జనరల్ మేనేజరు ఫోన్ చేశారు. మేము ఆయన్ను డీజీఎం గారు అనేవాళ్లం. మిర్యాలగూడ కేంద్రం సేవా నాణ్యత అన్నిటికంటే అడుగున ఉందన్నారు. సేవా నాణ్యత అంటే, ఆపరేటరు బటన్ నొక్కిన దగ్గర నుంచి జవాబు తెర మీదికి వచ్చేదాకా పట్టే సమయం. అక్కడ ఆ సమయం రోజురోజుకీ పెరుగుతోంది. విచిత్రమేమిటంటే, అక్కడి కనెక్షన్లు పని చేయకుండా ఖాళీగా కూర్చుంటున్నాయి. ఇన్‌ఛార్జి ఆపరేటరు స్వరూప కావాలనే పని సాగదీస్తోందని, కేంద్రానికి ఎదురుగా ఆమె మరిదికి జిరాక్స్, ఇంటర్నెట్ దుకాణం ఉందని, విసిగిన జనం అక్కడికి పోయి అతని చేయి తడిపి పని చేయించుకుంటున్నారని కంప్లయింటు ఉందన్నారు. ఎవరిచ్చారని అడిగాను. ఆయన ఆ మాట వినిపించుకోలేదు. నెలాఖరుకు ఆమె కాంట్రాక్టు రెన్యువల్ ఉంది, ఈలోపు వెళ్లి నిర్ధారించి నివేదిక ఇవ్వమన్నారు. ఇంకో మనిషిని చూసి పెట్టామని కూడా అన్నారు.

విచారించమని అనలేదు, నిర్ధారించమన్నారు. పైగా ఖాళీ కాని కుర్చీకి మనిషి ముందే దొరికిపోయాడు. నా మొదటి అనుమానం డీజీఎం గారి మీదే కలిగింది. ఆ మాట ఫోన్లో అనలేం కదా. సరే సార్ అన్నాను.

స్వరూపను అంతకుముందు ఒక్కసారే చూశాను, సూర్యాపేటలో శిక్షణ ఇచ్చినప్పుడు. త్రిపురారం మనిషి. గొర్ల మందలున్న కుటుంబంలో పుట్టి, డిగ్రీ చదివి, మిర్యాలగూడ రైస్‌మిల్లులో లారీ నడిపే అతన్ని చేసుకుంది. ప్రశ్న అడిగితే జవాబుకు బదులు ఇంకో ప్రశ్న వేసే రకం. కాంట్రాక్టు ఆపరేటర్లకు పీఎఫ్ కూడా అంతంత మాత్రం. నోటీసు లేకుండా తీసేయవచ్చు. మామూలుగా తీసేస్తే ఇంకో కేంద్రంలో పని దొరుకుతుంది. దొంగతనం ముద్ర వేసి తీసేస్తే మాత్రం జిల్లాలో ఏ కేంద్రమూ గడప తొక్కనివ్వదు. ఆమెకు పోయేది అంతా అదే.

ముందు సూర్యాపేట హాల్లో కూర్చుని లాగ్ ఫైళ్లు చూశాను. లాగ్ అంటే యంత్రం తన దినచర్యను తానే రాసుకునే చోటు. డీజీఎం గారి మాట అబద్ధం కాదని తేలింది. పొద్దున షట్టరు తీసేటప్పటికి మిర్యాలగూడ వాటా బాగానే ఉంటుంది. జనం వచ్చే వేళకు అక్కడి కనెక్షన్లన్నీ తెరుచుకుంటాయి, తెరుచుకుని ఊరుకుంటాయి. వాటి మీద ఏ పనీ జరగదు. లష్కర్ కాసేపు చూసి, మీకు అక్కరలేనట్టుందని వాటా కోసి కోదాడకు పంపుతుంది. మధ్యాహ్నానికి మిర్యాలగూడ తూము మూసేసినట్టే. కోదాడ మాత్రం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆగకుండా అడుగుతూనే ఉంది, తీసుకుంటూనే ఉంది.

లష్కర్ ప్రోగ్రాం రాసిన ఇంజినీరు కిరణ్‌కు ఫోన్ చేసి, దానిలో తప్పేమైనా ఉందా అని అడిగాను. కుర్రాడికి రోషం వచ్చింది. ప్రోగ్రాంలో తప్పు లేదు సార్, ఫారం తెరిచి మీవాళ్లు టీ తాగడానికి పోతున్నారు, అంతే అన్నాడు. నిప్పు లేనిదే పొగ రాదు. ఒక ఆపరేటరు పొరపాటున ఫారం తెరిచి మరిచిపోవచ్చు. కేంద్రం మొత్తం, రోజూ, అదే వేళకు మరిచిపోదు. ఎవరో తెలిసే చేస్తున్నారని నాకు గట్టిగా అనిపించింది.

అయితే నేను మిర్యాలగూడ కంటే ముందు కోదాడకు వెళ్లాను. ఒకరి నీళ్లు తగ్గాయంటే, ఎక్కువ నీళ్లు ఎవరి మడిలో ఉన్నాయో ముందు చూడాలి. ఇందులో ఒక తమాషా ఉంది. కాలువలో మిర్యాలగూడది పైభాగం, కోదాడవి చివరి భూములు. ఏటా నీళ్లు అందలేదని రోడ్డెక్కేది కోదాడ వైపు వాళ్లే. మా లష్కర్ దగ్గర మాత్రం వ్యవహారం తలకిందులైంది.

కోదాడ కేంద్రం మేనేజరు సత్యనారాయణ నన్ను గడపలోనే పట్టుకున్నాడు. "చెప్పా పెట్టకుండా వచ్చారేంటి సార్, ఒక్క ఫోన్ కొడితే బస్టాండుకు బండి పంపేవాణ్ణి కదండీ" అంటూ కుర్చీ తుడిచాడు, ఫ్యాను నా వైపు తిప్పాడు, టీ తెప్పించాడు, టీ వచ్చేలోపు మజ్జిగ తెప్పించాడు. అతి వినయం ధూర్త లక్షణం అన్నారు పెద్దలు. నేను మజ్జిగ తాగుతూ కౌంటర్లు చూశాను. ఇంజినీరింగ్ అడ్మిషన్ల కాలం కాబట్టి పిల్లల ధ్రువపత్రాల పని జోరుగానే ఉంది. చివరి కౌంటర్లో మాత్రం ఎదురుగా మనిషి లేడు. అయినా అక్కడి ఆపరేటరు పాత దరఖాస్తు నంబర్లు కొట్టి, వెతుకు బటన్ నొక్కి, వచ్చింది చూడకుండానే ఇంకోటి కొడుతోంది.

నేను ఇంకా నోరు తెరవలేదు. సత్యనారాయణే "ట్రైనింగండీ, కొత్తమ్మాయి" అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. ఆ కొత్తమ్మాయి రెండేళ్ల నుంచీ అక్కడే పని చేస్తోందని నా దగ్గరి సిబ్బంది రికార్డులో ఉంది. అదే అన్నాను. ఒప్పుకున్నాడు.

"భోజనాలకెళ్లి వస్తే మిషన్ నిదానంగా ఉంటుందండీ. ఒకళ్లం కూర్చుని ఏదో ఒకటి నొక్కుతూ ఉంటే బానే ఉంటుంది. ఎందుకో నాకు తెలీదు సార్, కనిపెట్టా అంతే. చివరి భూములోళ్లం కదండీ. నీళ్లొచ్చినప్పుడు అవసరం ఉన్నా లేకపోయినా మడి నింపుకుంటాం. తూము మూశామంటే మళ్లీ ఎప్పుడు ఎత్తుతారో ఎవరికి తెలుసు?"

ఇది మోసం కిందికి రాదు. ఏ నియమమూ దీన్ని కాదనలేదు. కానీ నాకు ఒళ్లు మండింది. కోదాడలో ఊరికే నొక్కే ఒక్కో బటనూ ఇంకో ఊళ్లో ఎవరో ఒకరి పనికి అడ్డం పడుతోంది. నేను లేస్తుంటే సత్యనారాయణ గొంతు తగ్గించి, మిర్యాలగూడ సంగతి నాకెందుకు కానీండి, ఆవిడ మరిదికి ఎదురుగానే షాపుందంట సార్ అన్నాడు. నేను అతన్ని మిర్యాలగూడ గురించి ఒక్క ముక్క అడగలేదు. డీజీఎం గారి మాటలే, అదే వరసలో, ఇతని నోట ఎందుకు వచ్చాయో అప్పటికి జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్నే హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ చేరాను. ఎవరికీ చెప్పలేదు. చేతిలో కాగితాల కవరు పట్టుకుని మామూలు మనిషిలా కేంద్రం ముందు నిలబడదామనుకున్నాను. షట్టరు ఇంకా తీయలేదు. లైను ఉంది కానీ లైన్లో మనుషులు లేరు. గోడ పొడుగునా చెప్పులు ఉన్నాయి. హవాయి చెప్పులు, తోలు చెప్పులు, మధ్యలో ఒక ఇటుక, ఒక నీళ్ల సీసా, ముడేసిన చేతి సంచి. మనుషులందరూ ఎదురు నీడలో, టీ కొట్టు దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. పెద్దవూర నుంచి పింఛను పని మీద వచ్చిన ఒక పెద్దాయన నా అవస్థ చూసి జాలిపడ్డాడు.

"నువ్వు గూడ ఇడిసి గాడ పెట్టు అన్నా. ఊకె నిలబడితే కాళ్లు గుంజుతయ్. నీ జాగ యాడికి పోదు."

నేను బూట్లు విడిచి చివర పెట్టి వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. జాగ యాడికి పోదా అని అడిగితే, ఇదివరకు పోయేదని, ఇప్పుడు అమ్మ వచ్చినంక పోతలేదని చెప్పాడు. అమ్మ ఎవరని అడగబోతుంటే స్వరూప వచ్చింది. షట్టరు ఎత్తించి, చెప్పుల వరస పొడుగునా నడుస్తూ, ఈ నల్లయి ఎవరియి, ఈ సంచి ఎవరిది అని ఒక్కొక్కరినే పిలిచి పేరు రాసుకుంటోంది. నా బూట్ల దగ్గర ఆగింది. బూట్లు చూసి, టీ కొట్టు వైపు చూసి, నన్ను గుర్తుపట్టింది.

"తనిఖీకొచ్చినోళ్లు బూట్లిడిసి లైన్ల పెట్టుడు ఇదే మొదలు సార్. లోపలికి రండ్రి. లేకుంటే మీ నంబరొచ్చేదాక గీడనే కూసుంటరా?"

లోపలికి వెళ్లి వెనక బల్ల మీద కూర్చున్నాను. నాకు కావలసింది నా కళ్ల ముందే జరగడం మొదలైంది. ఆపరేటర్లు నలుగురూ తమ తమ తెరల మీద కొత్త దరఖాస్తు ఫారాలు వరసగా తెరిచారు. ఒక్కో దాంట్లో ఒక్కో పేరు కొట్టారు. ఫారం తెరవగానే యంత్రం ఒక దరఖాస్తు నంబరు ఇస్తుంది. ఆ నంబరు చీటీ మీద రాసి మనిషి చేతిలో పెట్టి, కాగితాలు జిరాక్స్ తీయించుకుని రమ్మని పంపారు. ఫారం మాత్రం అలాగే సగంలో వదిలేసి ఇంకోటి తెరిచారు. జనం రోడ్డు దాటి ఎదురు దుకాణంలోకి వెళ్లారు. దుకాణం గల్లాపెట్టె దగ్గర ఉన్నది మరిదే. ఇక చూసేదేముంది అనుకున్నాను.

కాసేపటికి తెరలు నిలిచిపోయాయి. మొదట వెళ్లినవాళ్లు జిరాక్సులతో తిరిగి వచ్చారు, వాళ్ల పని సాగడం లేదు. ఒకామె బిడ్డ కాలేజీలో రేపే ఆఖరంటూ పరేషాన్ అవుతోంది. స్వరూప మొహం చిట్లించి, ఇగ నంబరన్న పడనియ్యి అంటూ మిగిలినవాళ్ల పేర్లతో ఇంకొన్ని ఫారాలు తెరవబోయింది. అవీ తెరుచుకోలేదు.

అప్పుడు ఆమెను పక్కకు పిలిచి సూటిగా అడిగాను. సగం ఫారాలు ఎందుకు తెరిచి పెడుతున్నావు, జనాన్ని మరిది దుకాణానికి ఎందుకు పంపుతున్నావు అని. ఆమె నన్ను కింది నుంచి పైకి చూసింది.

"చెప్పులు బయట పెడితే ఏమైతదో మీకెరికేనా సార్? ఎవడో ఒకడు కాలుతోని ముందుకు జరుపుతడు. పోయిన పింఛన్లప్పుడు గట్లనే లొల్లి అయింది. ముసలామెను నూకేసిండ్రు, చెయ్యి ఇరిగింది. దవాఖానకు నేనే తీస్కపోయిన. ఆ దినం నుంచి లైను లోపటికి తెచ్చిన. ఎవరు ముందొస్తే గాళ్ల పేరు మిషన్ల పెడుత. నంబరు పడ్డదంటే పడ్డదే, ఇగ ఎవ్వడు జరపలేడు. గిది తప్పా?"

నాకు అప్పుడు వెలిగింది. ఆమె కంప్యూటర్లో చెప్పులు పెడుతోంది. ప్రోగ్రాం రాసినవాళ్లు ఫారం తెరిస్తే నింపుతారనే అనుకున్నారు. అందుకే ఫారం తెరిచిన క్షణం నుంచి భద్రపరిచేదాకా ఒక కనెక్షన్ దానికే అంటిపెట్టుకుని ఉండేలా కట్టారు. మిర్యాలగూడకు వచ్చిన కనెక్షన్లన్నీ పొద్దున్నే ఒక్కో పేరుకు ఒక్కోటి చొప్పున అంటుకుపోతున్నాయి. ఆ పేరుగల మనిషి జిరాక్స్ దగ్గర ఉన్నాడు. అసలు పని చేయడానికి కనెక్షన్ మిగలదు. లష్కర్ చూస్తే కనెక్షన్లు నిండుగా ఉన్నాయి, పని లేదు. ఇంకా కోస్తుంది. బయట తలుపు దగ్గర ఎంతమంది నిలబడ్డారో దాని లెక్కలో లేనే లేదు, లోపలికి వచ్చి బటన్ నొక్కినదాన్నే అది చూస్తుంది. కోదాడలో మనిషి లేకుండా నొక్కుతున్నారు, మిర్యాలగూడలో మనుషులుండీ నొక్కలేకపోతున్నారు.

అక్కడి మిషన్ మీదే లష్కర్ తెర తెరిచి ఆమెకు చూపించాను. ఒక్కో కనెక్షన్ ఎదురుగా ఆమె ఇచ్చిన దరఖాస్తు నంబరే ఉంది.

"అంటే నేను పెట్టిన చెప్పులే నాకు అడ్డం పడుతున్నయా?"

అవునన్నాను. అయినా నా అనుమానం పూర్తిగా చల్లారలేదు. మరిది సంగతి తేలలేదు కదా అన్నాను. దానికి ఆమె కోపం దాచుకోలేదు.

"పంపుతున్న సార్. ఎదురుంగ ఉన్నది అదొక్కటే. ఇంకోటి బస్టాండు కాడ ఉన్నది. ముసలోళ్లను గంత దూరం నడిపియ్యాల్నా? మీరే జిరాక్స్ మిషన్ గీడ పెట్టుండ్రి, రేపటి నుంచి ఒక్కర్ని పంపితే అడుగుండ్రి. ఉద్యోగం పోతే పోతది, మిల్లుల ఏదో పని జేసుకుంట. గని దొంగ అన్న మాట త్రిపురారం దాక పోయింది. మా అత్త మొకం మీదనే అడిగింది, మరిదికి గిరాకి మలుపుతున్నవటగదా అని. గా ఇంట్ల నేను అన్నమెట్ల తినాలె?"

ఆమె మాట మీద నమ్మకం పెట్టుకోకుండా బస్టాండు దుకాణం దాకా నడిచి చూశాను. నిజంగానే దూరం. తిరిగి వచ్చి మరిది దుకాణం ముందు నిలబడ్డాను. కేంద్రంలో తెరలు నిలిచిపోయాక అక్కడా ఈగలు తోలుకుంటున్నారు. దరఖాస్తు తీసుకునే అధికారం కేంద్రానికే ఉంది, దుకాణానికి లేదు. అక్కడ చేసేది కాపీలు తీయడమే. కేంద్రంలో పని ఎంత జోరుగా సాగితే అతనికి అంత గిరాకీ. కేంద్రం నెమ్మదిస్తే మొదట నష్టపోయేది అతనే. డీజీఎం గారు చెప్పిన కథ ఆ దుకాణం మెట్ల మీదే కూలిపోయింది. అంత చిన్న సంగతి హైదరాబాద్‌లో ఎవరికీ తట్టలేదు. నిజం చెప్పాలంటే సూర్యాపేటలో నాకూ తట్టలేదు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. రోగం పట్టుకున్నామని అనుకున్నప్పుడు ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి. రెండు మారిస్తే ఏది కుదిర్చిందో తెలియదు. కాబట్టి కోదాడను ముట్టుకోకుండా మర్నాడు మిర్యాలగూడలో చీటీలు పెట్టించాను. అట్టముక్కల మీద నంబర్లు రాసి, స్వరూప సంతకంతో ఇవ్వడం. జిరాక్సులతో వచ్చాకే ఫారం తెరవాలి. చీటీ దొంగ చీటీ అయితే ఎట్ల అని ఆమె అడిగింది. సంతకం నీది కదా అన్నాను. ఆ రోజు మధ్యాహ్నానికి మిర్యాలగూడ వాటా తగ్గలేదు. పొద్దుపోయేలోపు పెరిగింది కూడా. తర్వాత కోదాడకు ఫోన్ చేసి, ఊరికే నొక్కే కౌంటరు ఆపించాను. సత్యనారాయణ అలాగేనండీ అలాగేనండీ అన్నాడు. రెండు రోజుల తర్వాత లాగ్‌లో చూసి మళ్లీ చెప్పవలసి వచ్చింది.

కిరణ్‌కు విషయం చెబితే, ఫారం సగం తెరిచి వదిలేస్తారని ఎవరనుకుంటారు సార్ అన్నాడు. మిర్యాలగూడలో ఎవరైనా అనుకుంటారు నాయనా అన్నాను. అతనికి పౌరుషం ఉన్నా బుద్ధి మంచిది. మూడు వారాల్లో మార్పు చేసి పంపాడు. ఫారం మీద 'పక్కన పెట్టు' అని ఒక బటన్ వచ్చింది. అది నొక్కితే పేరు, నంబరు భద్రంగా ఉంటాయి, కనెక్షన్ మాత్రం విడుదలవుతుంది. స్వరూప కోరుకున్న లైను ఆమెకు దక్కింది. నాణ్యత లెక్కను కూడా, బటన్ నొక్కిన క్షణం నుంచి కాకుండా మనిషికి నంబరు ఇచ్చిన క్షణం నుంచి మొదలుపెట్టాడు. దాంతో లష్కర్‌కు మొదటిసారిగా ఎదురుచూసే మనుషులు కనబడ్డారు.

అసలు చిక్కు డీజీఎం గారి దగ్గర వచ్చింది. నేను చెప్పిందంతా విని, అంటే తప్పు ఆమెదే కదా, కనెక్షన్లు పట్టుకుని కూర్చున్నది ఆమే కదా అన్నారు. పట్టుకుంది, దొంగిలించలేదు అన్నాను. ఇంతకీ కంప్లయింటు ఇచ్చింది ఎవరని మళ్లీ అడిగాను. ఈసారి చెప్పారు. ఎవరూ ఇవ్వలేదట. వారంవారం లష్కర్ పంపే నివేదికలో మిర్యాలగూడ పేరు ఎర్ర రంగులో వచ్చిందట, ఎందుకలా ఉందని కోదాడ సత్యనారాయణను అడిగారట. ఆమె మరిదికి దుకాణం ఉందట అని అతను అన్నాడట. యంత్రం ఎరుపు చూపించింది, మనిషి దానికి కథ అల్లాడు, అది హైదరాబాద్ పోయి త్రిపురారం చేరేసరికి ఒక ఆడమనిషి దొంగ అయింది. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. నా జేబులో ఉన్న కోదాడ మాటకు సమాధానం దొరికింది కానీ సంతోషం కలగలేదు.

నివేదిక రాశాను. ఇలాంటి వాటికి ఆఫీసులో ఒక కట్టుదిట్టమైన వాక్యం ఉంటుంది, 'ఆరోపణ నిరూపణ కాలేదు' అని. చేయి తిరిగిన అలవాటుతో అదే రాశాను. ఎవరి మీద విచారణ జరిగిందో వాళ్లకు చదివి వినిపించి సంతకం తీసుకోవడం పద్ధతి కాబట్టి కాగితం మిర్యాలగూడకు తీసుకెళ్లాను. స్వరూప మొత్తం చదివి, ఆ వాక్యం దగ్గర వేలు పెట్టింది. కలం తీసుకోలేదు.

"నిరూపణ కాలేదంటే ఏంది సార్? జేసింది గని దొరకలేదు అనా? నేను గిది పట్టుకపోయి మా అత్తకు సూపిస్తే ఏమంటది?"

ఆ వాక్యం ఎవరిని కాపాడటానికి పుట్టిందో నాకు తెలుసు. రాసినవాణ్ణి కాపాడటానికి. కాగితం వెనక్కి తీసుకుని ఆ వాక్యం కొట్టేసి, 'విచారించాను. అనుమానం తప్పు. స్వరూప ఏ తప్పూ చేయలేదు' అని రాసి పక్కన సంతకం పెట్టాను. ఆమె చదివి సంతకం చేసింది. ఒక కాపీ కావాలంది. ఎదురు దుకాణంలో తీయించుకుంటావా అంటే మొదటిసారిగా నవ్వింది. వద్దు సార్, బస్టాండు కాడికే పోత అంది. పోయింది కూడా, అంత ఎండలో.

డీజీఎం గారు ఆ వాక్యం మార్చమని కాగితం తిప్పి పంపారు, ఆఫీసు భాష కాదన్నారు. ఆమె తప్పు చేసిందనడానికి ఆధారం మీ దగ్గర ఉంటే మీ సంతకంతో పైన రాయండి, కింద నా వాక్యం అలాగే ఉంటుంది అని జవాబు పంపాను. ఆ కాగితం మళ్లీ రాలేదు. నెలాఖరుకు స్వరూప కాంట్రాక్టు పొడిగించారు. చూసి పెట్టిన మనిషిని ఎక్కడ వేశారో నేను అడగలేదు.

తర్వాత సర్వీసు ముగిసేదాకా ఇలాంటి నివేదికలు చాలా రాశాను. వనరులను పంచే ఏ ప్రోగ్రామైనా తాను చూసినదాన్ని బట్టే పంచుతుంది. అది చూడనివాళ్ల వాటా కచ్చితంగా తగ్గుతుంది, ఆ తగ్గుదల వాళ్ల తప్పులాగే కనిపిస్తుంది. కాబట్టి ఏదైనా కేంద్రం ఖాళీగా ఉందని యంత్రం చెబితే, అక్కడికి వెళ్లి బయట ఎవరు నిలబడ్డారో చూడకుండా నేను సంతకం చేయలేదు. 'నిరూపణ కాలేదు' అన్న మాట మళ్లీ వాడలేదు. తప్పు చేసినవాళ్లను చేశారని రాశాను, చేయనివాళ్లను చేయలేదని రాశాను, తేల్చలేని చోట నాకు తెలియలేదు అని రాశాను. అనుమానం మాత్రం తగ్గలేదు. దాన్ని ఒక మనిషి పేరు పక్కన రాసే ముందు బూట్లు విడిచి లైన్లో పెట్టడం నేర్చుకున్నాను.